ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రావట్లేదా? మదర్‌బోర్డు మార్చే ముందు బయోస్‌ని ఇలా రీసెట్ చేసి చూడండి

పోయిన వేసవిలో గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ డిస్‌ప్లే రావట్లేదు. షాపులో చూపిస్తే బోర్డు పోయిందన్నారు. ప్రాసెసర్, ర్యామ్‌తో కలిపి 15 వేలు అవుతుందట." సోమవారం వాడికి బీటెక్ ప్రాజెక్ట్ రివ్యూ. ఫైళ్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు.

"పాడయ్యే ముందు ఏం చేశావురా?" అని అడిగాను. గేమ్ స్పీడుగా ఆడుతుందని బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ స్పీడ్ పెంచాడట. సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తుండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి తెర నలుపే. నాకు వెంటనే అనుమానం వచ్చింది. బోర్డు పోయి ఉండకపోవచ్చు, అందులోని సెట్టింగ్స్ చెడిపోయి ఉండొచ్చు.

అసలు ఏం జరుగుతుంది?

తేదీ, టైమ్, ఏ డిస్క్ నుంచి బూట్ అవ్వాలి, ర్యామ్ ఎంత స్పీడులో నడవాలి లాంటి సెట్టింగ్స్‌ని మదర్‌బోర్డు సీమాస్ అనే చిన్న మెమరీలో పెట్టుకుంటుంది. కరెంటు లేనప్పుడు దాన్ని నిలబెట్టేది బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది 3 వోల్టుల బ్యాటరీ. ఆ సెట్టింగ్స్ తప్పుగా ఉంటే బోర్డు బాగానే ఉన్నా కంప్యూటర్ లేవదు. వాటిని చెరిపేస్తే బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తో మళ్లీ మొదలవుతుంది. దీన్నే 'క్లియర్ సీమాస్' అంటారు.

డిస్‌ప్లే వస్తుంటే

పని సులువు. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇది ఎందుకో కింద చెబుతాను. తర్వాత 'లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్' అనే ఆప్షన్ ఎంచుకుని, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి.

డిస్‌ప్లే రాకపోతే

1. కంప్యూటర్ ఆఫ్ చేసి, వెనక ఎస్ఎంపీఎస్ స్విచ్ కూడా ఆపి, పవర్ కేబుల్ పూర్తిగా పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ని 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

2. క్యాబినెట్ తెరిచి, బోర్డును ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

3. బ్యాటరీ దగ్గర్లో జంపర్ పిన్నులు వెతకండి. ఆసుస్ బోర్డుల్లో సీఎల్ఆర్‌టీసీ, ఎంఎస్ఐలో జేబ్యాట్1, గిగాబైట్‌లో సీఎల్ఆర్ సీమాస్ అని పక్కనే రాసి ఉంటుంది. రెండు పిన్నులే ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో రెండింటినీ కలిపి 10 సెకన్లు ఉంచండి. మూడు పిన్నులుంటే క్యాప్‌ని 1-2 నుంచి 2-3కి మార్చి, కాసేపాగి మళ్లీ పాత చోటే పెట్టండి. పక్క పిన్నులు తాకకుండా జాగ్రత్త.

4. జంపర్ కనిపించకపోతే బ్యాటరీ తీయండి. పక్కనున్న క్లిప్ నొక్కితే అదే పైకి లేస్తుంది. 10 నిమిషాలు ఆగి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. నాలుగైదేళ్ల పాత బ్యాటరీ అయితే కొత్తది వేయడమే మంచిది.

5. పవర్ ఇచ్చి ఆన్ చేయండి. మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు నల్ల తెరే ఉండొచ్చు, తనంతట తనే రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. కంగారుపడి స్విచ్ కట్టేయకండి.

మా వాడికి వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. రెండు నిమిషాలకి తెర వెలిగింది. వాడు కేకేశాడు. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది.

రీసెట్ తర్వాత భయపడొద్దు

తెర వచ్చింది కానీ విండోస్ రాలేదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా నేరుగా బయోస్‌లోకే పోతోంది. "అన్నా, హార్డ్ డిస్క్ కూడా పోయింది. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తానంటున్నాడు" అన్నాడు. ఆగమన్నాను. రీసెట్ చేస్తే డిస్క్‌లో ఫైళ్లకి ఏమీ కాదు. ఫార్మాట్ చేస్తేనే పోతాయి.

ఆ డిస్క్ వాడి పాత కంప్యూటర్‌లోంచి తెచ్చి పెట్టింది. అందులో విండోస్ పాత లెగసీ పద్ధతిలో వేసి ఉంది. అది బూట్ అవ్వాలంటే బయోస్‌లో సీఎస్ఎం ఆన్‌లో ఉండాలి. ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో అది ఆఫ్. ఆన్ చేయించగానే విండోస్ వచ్చేసింది.

అందుకే రీసెట్ తర్వాత ఇవి చూసుకోండి:

- తేదీ, టైమ్ సరిచేయండి. తప్పుంటే బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తాయి.
- సాటా మోడ్ మునుపు రెయిడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారితే బ్లూ స్క్రీన్ రావచ్చు. పాతదానికే మార్చండి.
- బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో రీసెట్‌కి ముందే చూసి రాసిపెట్టుకోండి.
- ర్యామ్ స్పీడ్ ప్రస్తుతానికి ముట్టుకోకండి.

దీంతో బాగుకానివి

రీసెట్ సెట్టింగ్స్‌ని మాత్రమే సరిచేస్తుంది. అప్‌డేట్ మధ్యలో ఆగి బయోస్ ప్రోగ్రామే చెడిపోతే దీంతో లాభం లేదు. ర్యామ్ వదులుగా ఉన్నా డిస్‌ప్లే రాదు, కాబట్టి ఒకసారి తీసి గట్టిగా పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ అయితే లోపలి మెయిన్ బ్యాటరీ కనెక్షన్ కూడా తీయాలి. అలవాటు లేకపోతే తెలిసినవాళ్లకే ఇవ్వండి.

మా వాడు ఆ రాత్రే ప్రాజెక్ట్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాడు. కొత్త బ్యాటరీతో కలిపి మొత్తం ఖర్చు 40 రూపాయలు. మీ కంప్యూటర్ ఇప్పుడు బాగానే నడుస్తుంటే ఈరోజే బయోస్ పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి. తెర నల్లబడ్డాక తీయలేరు.