మేఘములలో దారి చూపు గగనము



జల్‌పల్లిలో నివసించు మనకు విమానము వింత కాదు. దక్షిణమున కొలది మైళ్ల దూరములో 2008వ సంవత్సరమున తెరువబడిన శంషాబాదు విమానాశ్రయము గలదు. తూర్పున నున్న నాదర్‌గుల్ మైదానము చిన్న విమానములు నడుప నేర్చుకొనువారి మూలమున పేరుపొందినది. అట్టి చిన్న విమానము మేఘములో జొచ్చినప్పుడు దానిని నడుపువానికి దారి యెట్లు తెలియును? ఈ సంగతినే మేమిచట వివరింపగోరుచున్నాము.

ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు చెరువులు, గుట్టలు, రైలుపట్టాలు దారి చూపును. మేఘములో నవి కానరావు. అంతియకాదు, శరీరమే మనలను మోసగించును. విమానము మెల్లగా నొకప్రక్కకు వంగుచున్నను, లోనివానికి తాను తిన్నగా పోవుచున్నట్లే తోచును. కావున నతడు తన యింద్రియములను విడిచి, యెదుటనున్న పరికరములనే నమ్మవలెను. ఇందుకు ప్రత్యేక శిక్షణయు, అనుమతియు కావలెను.

పూర్వము నేలమీది రేడియో కేంద్రములే యీ దారి చూపుచుండెను. నేడు వానికి ఉపగ్రహములు తోడైనవి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములు, తాము సంకేతము పంపిన వేళను తెలుపుచుండును. ఆ సంకేతము వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము లెక్కింపబడును. సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను, దూరము 300 మీటర్లు తప్పును! మూడు ఉపగ్రహముల దూరములు స్థానమును తెలుపును; నాలుగవది విమానములోని గడియారపు దోషమును దిద్దును.

మన చేతిఫోనులును ఈ ఉపగ్రహములనే వినుచున్నవి గదా, ఫోను చూచి మేఘములో నెగురరాదా యని మీరడుగవచ్చును. ఎగురరాదు. దారి తెలిపిన మాత్రమున చాలదు. తాను చెప్పునది నమ్మదగినదో కాదో కూడ పరికరము తెలుపవలెను.

ఇంట రెండు గడియారములు వేరువేరు వేళలు చూపినచో, తప్పున్నదని తెలియును గాని, యేది తప్పో తెలియదు. మూడవది యున్నచో తెలియును. ఉపగ్రహముల విషయమును ఇట్లే. నాలుగింటితో స్థానము తెలియును. అయిదవది యున్నచో తప్పు బయటపడును. ఆరవదియు నున్నచో తప్పుచున్న ఉపగ్రహమును గుర్తించి తొలగింపవచ్చును. విమానములలో వాడుటకు ఆమోదింపబడిన పరికరము ఈ పరీక్షను తానే యెడతెగక చేసికొనును. తప్పునకు హద్దు దూరప్రయాణమున 2 నాటికల్ మైళ్లు, విమానాశ్రయ సమీపమున 1 మైలు, దిగునప్పుడు 0.3 మైలు. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు. తప్పు ఆ హద్దు దాటలేదని నిశ్చయింపజాలనిచో వెంటనే హెచ్చరించును. పాత తరగతి పరికరము గల విమానమున నేలకేంద్రములను వినునట్టి పరికరములును ఉండవలెను. దారుల పట్టికను 28 దినముల కొకసారి క్రొత్తది చేయవలెను.

మన దేశమున మరియొక చిక్కు గలదు. భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రమునకు దగ్గరగా పోవుచున్నది. అందుచే మనపై నున్న అయానావరణము, విశేషించి ప్రొద్దుక్రుంకిన పిమ్మట, కలత చెంది సంకేతములను ఆలస్యపరచును. మన ఉస్మానియా విశ్వవిద్యాలయములోని నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ విభాగమువారు ఇట్టి విషయములపై పరిశోధనలు చేసియున్నారు.

ఈ లోపమును దిద్దుటకై భారత విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు, ఇస్రోయు కలిసి నిర్మించిన యేర్పాటునకు 'గగన్' అని పేరు. దేశమున 15 చోట్ల నేలకేంద్రములు ఉపగ్రహముల సంకేతములను పరీక్షించును. సవరణలును, హెచ్చరికలును జీశాట్-8, జీశాట్-10 వంటి మన ఉపగ్రహముల మూలమున విమానములకు చేరును. ఇది 2013 డిసెంబరులో మార్గయానమునకును, 2015 ఏప్రిల్‌లో ఎత్తు కూడ చూపుచు నేలకు దింపుటకును ఆమోదము పొందినది. ఈ తరగతి దిగుటకు అంతర్జాతీయ నియమము కఠినమైనది: తప్పు అడ్డముగా 40 మీటర్లు గాని, నిలువుగా 50 మీటర్లు గాని మించినచో 10 సెకనులలో హెచ్చరిక రావలెను.

2022 ఏప్రిల్‌లో రాజస్థానములోని కిషన్‌గఢ్‌లో ఇండిగోవారి ఏ.టి.ఆర్. విమానమొకటి గగన్ సాయముతో దిగెను. విలువైన నేలయంత్రములు లేని చిన్న విమానాశ్రయములకు ఇది గొప్ప మేలు. అయితే ఆ సంకేతమును గ్రహించు పరికరము విమానములో నుండవలెను. 2019 జనవరి 1 మొదలు నమోదగు విమానములన్నింట నదియుండవలెనని 2016 నాటి ప్రభుత్వ విధానము తలపెట్టెను. తరువాత గడువు పొడిగింపబడెను. చిన్న విమానము గలవారికి దాని వెల భారమే. కాని మేఘములో నున్న ప్రాణములకు వెల కట్టువారెవరు?

హెచ్చరిక వెలుగగానే వివేకి యగు వైమానికుడు దిగుట మాని, పైకి లేచి, వేరు దారి వెదకును. "నాకు తెలియదు" అని తగిన వేళ చెప్పు పరికరమే యతనికి నిజమైన మిత్రము. విద్యార్థులారా, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుటయు విద్యలో నొక భాగమేయని, ఈసారి తల పైకెత్తి విమానమును చూచినప్పుడు జ్ఞప్తికి దెచ్చుకొనుడు.