ఇల్లు ఇద్దరిది

మౌలాలి గుట్ట కింద రెండు గదుల ఇల్లు. పండుగ దగ్గర పడింది. ఇంటికి రంగు వేయాలి.

"గోడలకు ఆకుపచ్చ పెయింట్ వేద్దాం. మెరవాలె," అన్నాడు భర్త.

"సున్నం వేద్దాం. ఇల్లు తెల్లగ, చల్లగ ఉంటది," అన్నది భార్య.

"పైసలు తెచ్చేది నేను," అన్నాడు ఆయన.

"పొద్దంతా ఆ గోడల నడుమ ఉండేది నేను," అన్నది ఆమె.

రెండు మాటలూ నిజమే. ఇద్దరూ కూర్చుని లెక్క రాశారు. గోడలన్నిటికీ పెయింట్ కొనాలంటే డబ్బు చాలదు. సున్నం చవక. కానీ సున్నం చెక్కకు సరిగా పట్టదు. పెయింట్ చెక్కను వాన నుంచి కాపాడుతుంది. అందుకే గోడలకు సున్నం, తలుపులకు ఆకుపచ్చ పెయింట్ అనుకున్నారు. ఇద్దరి మాటా నిలిచింది.

కొన్ని పెయింట్లలో సీసం ఉంటుంది. సీసం విషం. పాత పెయింట్ పెచ్చులు, దుమ్ము పిల్లల నోట్లోకి పోతే మెదడు దెబ్బతింటుంది. 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. ఆ మాట డబ్బా మీద రాయాలి.

ఆమె షాపులో డబ్బా తిప్పి చూసింది. 90 అంకె కనబడింది. అప్పుడే కొన్నారు. పాత తలుపులను తడిపి గీకారు. తడిపితే దుమ్ము లేవదు. సున్నం నీళ్లలో ఉడుకుతుంది, కంట్లో పడితే ప్రమాదం. అందుకని పిల్లలను దూరంగా ఉంచారు.

ఆలోచించండి :
1. మీ ఇంటి రంగు ఎవరు చెబుతారు?
2. పెయింట్ డబ్బా మీద ఏం చూడాలి?

చదివి రాయండి : సున్నం, సీసం, డబ్బా, ఇద్దరు.