పరాయి ప్రభుత్వం ఇచ్చిన తుపాకి: శ్రీలంక నేర్పే పాఠం

గెరిల్లా పోరాటం అనగానే మనకు అడవులు, మెరుపుదాడులు గుర్తుకొస్తాయి. ఆ తుపాకులు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని మాత్రం అడగం. ఒక ప్రభుత్వం మరో దేశంలోని సాయుధ బృందానికి చేసే సాయం ముఖ్యంగా నాలుగు విధాలు: డబ్బు, ఆయుధాలు, శిక్షణ, ఆశ్రయం. ఈ నాలుగూ మన పొరుగున శ్రీలంక తమిళుల విషయంలో కనిపిస్తాయి.

శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేశారు. 1970ల మొదట్లో వైద్య, ఇంజనీరింగ్ సీట్లకు తమిళ మాధ్యమ విద్యార్థులు ఎక్కువ మార్కులు తెచ్చుకోవలసిన పద్ధతి పెట్టారు. చదువు, ఉద్యోగం దారులు మూసుకుపోయిన యువకులు సాయుధ బృందాలలో చేరసాగారు. 1983 జులైలో ఎల్.టి.టి.ఇ. దాడిలో 13 మంది సైనికులు చనిపోగా, తమిళుల మీద దారుణమైన మారణకాండ జరిగింది. వేలాది మంది సముద్రం దాటి తమిళనాడు చేరారు.

అప్పుడు మన కేంద్ర ప్రభుత్వం 'రా' సంస్థ ద్వారా ఎల్.టి.టి.ఇ., టెలో, ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. వంటి బృందాలకు రహస్యంగా శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ ఎల్.టి.టి.ఇ.కి డబ్బు సాయం చేశారు. తమిళుల మీద సానుభూతి ఒక కారణం. పాశ్చాత్య దేశాల వైపు మొగ్గుతున్న కొలంబో మీద ఒత్తిడి తేవడం మరో కారణం. అయితే ప్రత్యేక ఈళం ఏర్పడాలని ఢిల్లీ కోరుకోలేదు. ఎల్.టి.టి.ఇ. కోరింది అదే. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

1986లో ఎల్.టి.టి.ఇ. తోటి తమిళ బృందమైన టెలోనే తుడిచిపెట్టింది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం చేసుకున్నారు. ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్లిన భారత శాంతి సేన అక్టోబరు నుంచి ఎల్.టి.టి.ఇ.తోనే యుద్ధం చేయవలసి వచ్చింది. 1,100 మందికి పైగా మన జవాన్లు మరణించారు. విచిత్రమేమిటంటే, మన సైన్యాన్ని పంపించివేయాలనుకున్న శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస కూడా ఎల్.టి.టి.ఇ.కి ఆయుధాలిచ్చాడు. 1990 మార్చిలో మన సేన తిరిగి వచ్చింది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని, 1993 మే 1న కొలంబోలో ప్రేమదాసను ఎల్.టి.టి.ఇ. ఆత్మాహుతి దాడులలో చంపింది.

పోటీ పరీక్షలకు చదివేవారు ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. నికరాగువాలోని కాంట్రాలకు అమెరికా ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. అమెరికా ఆ తీర్పును పాటించలేదు.

తమిళుల బాధ నిజం, వారి కోరికలో న్యాయం ఉంది. కానీ ఆయుధమిచ్చే ప్రభుత్వం తన అవసరం కోసమే ఇస్తుంది. అవసరం తీరాక విధానం మార్చుకుంటుంది. ఇచ్చిన తుపాకి మాత్రం వెనక్కి రాదు. 2009 మేలో యుద్ధం ముగిసేసరికి మన వయసు పిల్లలు వేలల్లో చనిపోయారు. పుస్తకాలు పట్టవలసిన బడి పిల్లలను కూడా ఎల్.టి.టి.ఇ. యుద్ధంలోకి లాక్కుపోయింది. అందుకే ఏ పోరాటం గురించి చదివినా, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, చివరికి ఎవరి బిడ్డలు పోయారు అనే మూడు ప్రశ్నలు మనం తప్పక వేసుకోవాలి.