జుట్టు చాటున సర్పి: గుర్తుపట్టడం ఎలా, ఏం చేయాలి?

నడుము పక్కనో, రొమ్ము కిందో నీటి పొక్కులు బారుగా లేస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు చూడగానే ‘సర్పి’ అనేస్తారు. అదే తలలో లేస్తే ఎవరికీ తట్టదు. జుట్టు కప్పేస్తుంది, అద్దంలో కనపడదు. పైగా తలలోనూ సర్పి వస్తుందని చాలామందికి తెలియదు. పేలనో, చుండ్రనో, తలకు వేసిన రంగు పడలేదనో, వేడి చేసిందనో అనుకుంటూ ఉండగానే రెండు మూడు రోజులు గడిచిపోతాయి. ఈ జబ్బుకు మందు బాగా పనిచేసేది సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లోనే. అందుకే ఇక్కడ మందు కన్నా ముందు, చూడటం గురించే ఎక్కువ చెబుతాను.

ఒకప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లెవరికైనా ఇది రావచ్చు. అప్పటి పొక్కులు మాడిపోయినా వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన, పుర్రె అడుగున ఉండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వయసు యాభై దాటాకో, క్యాన్సర్ చికిత్స, స్టెరాయిడ్లు, హెచ్ఐవీ, అదుపులో లేని షుగరు లాంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో లేచి, ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. సర్పి బయటి నుంచి కొత్తగా అంటుకున్నది కాదనీ, లోపల దాగిన ఆటలమ్మ వైరస్సే తిరగబెట్టిందనీ 1965లో గట్టిగా చెప్పినవాడు ఎడ్గర్ హోప్-సింప్సన్. ఇంగ్లండులోని సైరెన్సెస్టర్ అనే చిన్న పట్టణంలో మామూలు ఫ్యామిలీ డాక్టర్ ఆయన. తన దగ్గరికి వచ్చిన రోగుల వివరాలు ఏళ్ల తరబడి రాసిపెట్టుకుని ఆ మాట తేల్చాడు.

మొదట నొప్పిని పట్టించుకోండి

పొక్కుల కంటే ముందు నొప్పి వస్తుంది, సాధారణంగా ఒకటి నుంచి ఐదు రోజుల ముందు. తలలో ఒక పక్కనే మంట, సూదులతో గుచ్చినట్టు పోట్లు, ఉండుండి షాక్ కొట్టినట్టు ఒక జలదరింపు. దువ్వెన తగిలితే ప్రాణం పోతుంది. దిండు మీద ఆ వైపు తల పెట్టలేరు, హెల్మెట్ పెట్టుకోలేరు. కొందరికి కాస్త జ్వరం, నీరసం కూడా ఉంటాయి. ఈ దశలో దాదాపు అందరూ చేసే పని నుదుటికి బామ్ పట్టించడం. రెండు రోజుల తర్వాత పొక్కులు లేస్తే ‘బామ్ పడలేదు’ అని తీర్మానించుకోవడం.

తర్వాత పాయలు తీసి చూడండి

ఇది మీకు మీరు చేసుకునే పని కాదు. ఇంట్లో ఒకరిని పిలిచి, వెలుతురులో కూర్చోండి. వాళ్లు చేతులు కడుక్కుని, దువ్వెన వాడకుండా, వేళ్లతో మెల్లగా పాయలు విడదీస్తూ నొప్పి ఉన్నచోట చూడాలి. ఎర్రబడ్డ చర్మం మీద గుంపుగా చిన్న చిన్న నీటి పొక్కులు కనిపిస్తే అనుమానించాలి. ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి. మర్నాడు పోల్చుకోవడానికీ, డాక్టరుకు చూపడానికీ పనికొస్తుంది.

అన్నిటికన్నా పెద్ద గుర్తు నడినెత్తి గీత. పాపిట తీసే ఆ గీతను సర్పి సాధారణంగా దాటదు, ఒక పక్కనే ఉండిపోతుంది. ముందు భాగంలో వస్తే నుదురు, కనుబొమ, పైరెప్ప దాకా దిగుతుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరంలో పై శాఖ దారి అది. వెనక భాగంలో వస్తే మెడ నుంచి పైకి పాకే నరం వెంట తల వెనుకా, చెవి వెనుకా కనిపిస్తుంది.

హెయిర్ డై పడకపోతే రెండు వైపులా వస్తుంది. దురద ఎక్కువ, పోట్లు తక్కువ. పేలకు, చుండ్రుకు ఇంత నొప్పి ఉండదు. సెగగడ్డలు ఎక్కడంటే అక్కడ, వెంట్రుక మొదట్లో లేస్తాయి. ఒక్కటి మాత్రం విడిగా చెప్పాలి. యాభై దాటినవారికి పొక్కులేమీ లేకుండా కణతల దగ్గర కొత్తగా నొప్పి వచ్చి, తల ముట్టుకోలేకుండా ఉండి, నములుతుంటే దవడ నొప్పెట్టినా, చూపు మసకబారినా అది రక్తనాళాల వాపు కావచ్చు. దానికీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కన్ను, చెవి

ముక్కు కొనను చూడండి. అక్కడొక పొక్కు ఉంటే కంటికి ప్రమాదం బాగా పెరిగినట్టే. ముక్కు కొనకూ, కంటి లోపలికీ వెళ్లేది ఒకే నరపు కొమ్మ కాబట్టి. 19వ శతాబ్దపు లండన్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ గమనించిన ఈ గుర్తును డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ముక్కు మీద ఏమీ లేదని ధీమాగా ఉండకూడదు. నుదుటి మీదో రెప్ప మీదో పొక్కులున్నా, కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, మసకగా ఉన్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. నల్లగుడ్డు మీద మచ్చ పడితే చూపు పోవచ్చు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేయొద్దు.

చెవిలో పొక్కులు లేచి, మూతి ఒక పక్కకు పోయినా, వినికిడి తగ్గినా, తల తిరుగుతున్నా ఆలస్యం చేయకండి. ముఖాన్ని కదిలించే నరానికి వైరస్ తగిలిందన్నమాట.

72 గంటలు

పొక్కు కనిపించిన క్షణం నుంచి లెక్క మొదలుపెట్టండి. 72 గంటల్లోగా వైరస్ మందు మొదలైతే పొక్కులు తొందరగా మాడతాయి, నొప్పి తీవ్రత తగ్గుతుంది. గడువు దాటినా, కొత్త పొక్కులు లేస్తుంటే, కంటికి సోకితే, రోగనిరోధక శక్తి తక్కువైతే డాక్టర్లు మందు ఇస్తారు. కాబట్టి ‘ఇక లాభం లేదులే’ అని మానేయకండి.

సాధారణంగా రాసేది ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదుసార్లు, కనీసం 7 రోజులు. లేదా వాలసైక్లోవిర్ 1000 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. ఐదుసార్లంటే చాలామంది తప్పిపోతారు. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నీళ్లు బాగా తాగండి. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి, ఆ సంగతి ముందే చెప్పండి. అందుకే వీటిని మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని వేసుకోకూడదు. అక్కడ ఇచ్చే పూత మందుతో సరిపెట్టుకోవడమూ కుదరదు. సర్పిలో వైరస్ ఉండేది నరంలో, పైన రాసిన క్రీము అక్కడికి చేరదు. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులైతే హాని కూడా.

మంత్రం వేయించుకుంటామనేవాళ్లతో నాకు పేచీ లేదు, మాత్ర వేసుకున్నాక వెళ్లమంటాను. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే మానతాయి, ఆ పేరు మంత్రానికి పోతుంది. ఆకు పసరు, పేడ, సున్నం లాంటివి మాత్రం పచ్చి పుండు మీద పడకూడదు. చీము పడితే మచ్చ లోతుగా దిగి ఆ మేర జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు.

ఇంట్లో

తలంటు వద్దు. కుంకుడు రసం మంట పెడుతుంది. నూనె, రంగు, హెయిర్ డ్రయర్ పక్కన పెట్టండి. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా బేబీ షాంపూతో రుద్దకుండా కడిగి, మెత్తని తువ్వాలుతో అద్దండి. చల్లని నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను రోజులో నాలుగైదుసార్లు కాసేపు వేస్తే మంట తగ్గుతుంది. ఐసు నేరుగా పెట్టొద్దు. పెచ్చులు జుట్టుకు అతుక్కుంటాయి, లాగకండి. అడ్డొచ్చే వెంట్రుకల్ని కత్తెరతో కత్తిరించవచ్చు గానీ కత్తి తగలకూడదు. తిరుపతి మొక్కు ఉంటే పుండ్లు పూర్తిగా మానాకే వెళ్లండి. దిండు గలీబు రోజూ మార్చి ఉతకండి. తిండిలో పథ్యం అక్కర్లేదు, వయసైనవాళ్లను చప్పిడి కూడుతో నీరసపెట్టొద్దు.

పొక్కుల్లోని రసం తగిలితే ఇంతవరకు ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు. పెచ్చులు కట్టేదాకా మీ తువ్వాలు, దువ్వెన వేరుగా ఉంచుకోండి. గర్భిణులు, నెలల పిల్లలు, కీమో తీసుకుంటున్నవాళ్లకు దూరంగా ఉండండి.

నొప్పి మిగిలిపోతే

పొక్కులు మానినా మూడు నెలలు దాటి నొప్పి ఉండిపోతే అది నరం దెబ్బతిన్న నొప్పి. వయసు పెరిగే కొద్దీ ఈ బెడద ఎక్కువ. పారాసిటమాల్ దీనికి చాలదు. గాబాపెంటిన్, ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. మగత వస్తుంది, తూలుతారు. రాత్రి బాత్రూముకు లేచే పెద్దవాళ్లకు ఒకరు తోడుండాలి.

యాభై దాటినవారికి సర్పి రాకుండా వేసే షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఖరీదు ఎక్కువే. వేయించుకున్నాక ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం ఉండొచ్చు. ఇప్పటికే వచ్చిన సర్పికి ఇది మందు కాదు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవచ్చు, ఎన్నాళ్లకన్నది మీ డాక్టరును అడగండి.