ఊరి పురావస్తుశాల: దాని యావశ్యకతయు, మన కర్తవ్యమును

మ్యూజియమనగానే మన బాలబాలికలకు చెన్నపట్టణమో, హైదరాబాదో, ఢిల్లీయో జ్ఞప్తికి వచ్చును. పెద్ద మేడ, అద్దపు బీరువాలు, వాకిట జవాను, ద్వారమున టిక్కెట్టు. ఇవియే మ్యూజియము లక్షణములని వారు తలతురు. అట్టివి మన సముద్రతీర గ్రామములలో లేవు గనుక, మనకు చూపదగినదియు దాచదగినదియు నేమియు లేదని యనుకొనుట సహజమే. ఆ తలంపు సరికాదని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. చిన్న యూళ్లలో చిన్న పురావస్తుశాలలేల యుండవలెనో, అవి యెట్లు నిలుచునో, వానిని నిలుపుటకు విద్యార్థులును తలిదండ్రులును చేయదగినదేమో క్రమముగా విచారింతము.

ముందుగా మన నిజాంపట్నమునే తీసికొందము. నేడిది చేపల రేవు. వలలు, మరపడవలు, మంచుగడ్డల బండ్లు, మడ యడవులు మనకు నిత్యము కనబడునవి. కాని నాలుగువందల యేండ్లక్రిందట ఐరోపావారి వ్రాతలలో ఈ రేవు ‘పెట్టపోలి’ యను పేర ప్రసిద్ధమై యుండెను. పెద్దపల్లి యను పూర్వనామము విదేశీయుల నోట అట్లు మాఱినది. 1606వ సంవత్సరమున డచ్చివారిచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. 1611లో ‘గ్లోబు’ అను ఇంగ్లీషు ఓడ మచిలీపట్నమునకు పోవుటకు ముందు ఈ రేవున ఆగినది. వారినిక్కడికి రప్పించినవి బంగారమును రత్నములును గావు. నూలుబట్టలు, ఆ బట్టలకు ఎఱ్ఱరంగునిచ్చు చిరివేరు. ఆ చిన్న మొక్క వేరునుండి తీసిన యెఱుపు ఎన్నిమాఱులుతికినను వెలియదని నాటి వర్తకులు మెచ్చుకొనిరి. 1759లో సలాబతుజంగు మచిలీపట్నముతోపాటు నిజాంపట్నము సర్కారును ఇంగ్లీషువారికిచ్చెను. ఇంతటి చరిత్ర గల రేవున పుట్టిన బాలుడు నాటి తూర్పుతీరపు అద్దకపుబట్టలను చూడగోరినచో, లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము పేరు చెప్పవలసివచ్చుచున్నది. ఇది గర్వింపదగిన సంగతియే; కాని కొంచెము చింతింపదగినదియు నగును.

మన రేవునకు పడమటనున్న మోటుపల్లి సంగతియు నిట్టిదే. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అచ్చట నొక శాసనము వేయించెను. తుపానులకు చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిని లాగికొనుచుండగా, తానట్లు చేయక సుంకము మాత్రమే గైకొందునని ఆ రాజు సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ఆ శాసనము ఇప్పటికిని ఆ యూరనే యున్నది. పుట్టినచోటనే నిలిచిన రాయి యెంత చక్కగా మాటాడునో చూడదలచినవారు మోటుపల్లికి పోవలెను.

గతసంవత్సరము మేము పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని రేపల్లె మీదుగా భట్టిప్రోలు స్తూపమును చూడబోయితిమి. పొలముల నడుమ నున్న యిటుకల దిబ్బ యది. దాని పీఠము సుమారు 148 అడుగుల వ్యాసము గలది. 1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రే యనునాయన దానిని త్రవ్వించగా, గర్భమునందు మూడు రాతి మంజూషలు బయల్పడినవి. వానిలో స్ఫటికపు భరిణెయు, ధాతువులును, చిన్న బంగారు పువ్వులును, ముత్యములును ఉండెను. మంజూషలమీద చెక్కిన బ్రాహ్మీలిపి వ్రాతలను బ్యూలరు పండితుడు చదివెను. అవి క్రీస్తునకు పూర్వము మూడవ లేక రెండవ శతాబ్దివని పండితుల నిర్ణయము. తెలుగునేలమీద దొఱకిన మిక్కిలి పురాతనమైన వ్రాతలలో నవి చేరినవి.

ఈ సంగతులన్నియు మేము దిబ్బమీద నిలువబడి చెప్పుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు, “ఆ పెట్టెలెక్కడున్నవండీ?” అని యడిగెను. “చెన్నపట్టణపు మ్యూజియములో నున్నవి” అంటిమి. “మఱి ధాతువులో?” “1920లో కలకత్తాలో కట్టిన ధర్మరాజిక విహారమున నుంచినారు.” వాడు కాసేపూరకుండి, “అయితే మనకేమి మిగిలినదండీ?” అనెను. ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసమొక విధముగా వానికి మేమిచ్చుచున్న ప్రత్యుత్తరము.

మిగిలినది తక్కువగుటకు కారణములు రెండు. మొదటిది అజ్ఞానము. భట్టిప్రోలు దిబ్బయందలి చలువరాళ్లు పందొమ్మిదవ శతాబ్దిలో వెల్లటూరు కాలువలాకు కట్టడమునకును, ఇటుకలు బాటలకును పోయినవి. అమరావతి చరిత్రయు నిట్టిదే. 1797లో కర్నలు మెకంజీ అచ్చటికి వచ్చునప్పటికి, కొత్త పట్టణమును కట్టించుచున్న రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి పనివారు ఱాళ్లకొఱకు స్తూపమును త్రవ్వుచుండిరి. ఆ నాయుడుగారు దుర్మార్గులు గారు; దాతలుగా పేరొందినవారు. లాకు కట్టినవారును మన పొలములకు నీరు పారించుటకే కట్టిరి. కాని రాతి విలువ చెప్పువారు దగ్గఱ లేనప్పుడు మంచివారి చేతనే మంచి వస్తువులు నశించును. రెండవ కారణము, మిగిలినవి దూరదేశములకు పోవుట. అమరావతి శిల్పములలో నూటికి పైగా నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియముననున్నవి, మఱికొన్ని చెన్నపట్టణముననున్నవి. 

పెద్ద మ్యూజియములను నిందించుట మా యభిమతము గాదు. 1851లో స్థాపింపబడిన చెన్నపట్టణపు మ్యూజియమే లేకుండినచో భట్టిప్రోలు మంజూషలు ఏ లాకు గోడలోనో చేరి యుండెడివేమో! అవి వస్తువులను కాపాడినవి, పండితులకు చూపినవి. కాని వస్తువు పుట్టినయూరిని విడిచినతోడనే దానిలో సగమర్థము పోవును. అద్దపు బీరువాలోని మంజూష దిబ్బను చూపలేదు; దిబ్బ మంజూషను చూపలేదు. ఆ రెంటిని కలుపునది ఊరి పురావస్తుశాల. అమరావతిలో తవ్వకములలో దొఱకిన శిల్పములను స్తూపము చెంతనే యుంచి చూపు మ్యూజియము గలదు. నాగార్జునసాగరపు నీట మునుగనున్న నాగార్జునకొండ లోయలోని శిల్పములను కొండమీదికి చేర్చి, 1966లో అచ్చట మ్యూజియము నెలకొల్పిరి. ఇవి మనకు మార్గదర్శకములు.

అయితే మ్యూజియమును కట్టినంతమాత్రమున సరిపోదు, దానిని ఆదుకొనువారుండవలెను. చందవరము కథ ఇందుకు సాక్ష్యము. దొనకొండకు చేరువ, గుండ్లకమ్మ యొడ్డున నున్న ఈ బౌద్ధస్థలమును 1970 తరువాతి సంవత్సరములలో త్రవ్విరి. దొఱకిన శిల్పములను అచ్చటనే భద్రపఱచిరి. కాని జనసంచారము లేని యాచోట దొంగలుపడిరి. బుద్ధుని పూజించు భక్తులను చెక్కిన చలువరాతి ఫలకమొకటి సముద్రములు దాటి, చేతులు మాఱి, 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెఱ్ఱాలోని జాతీయ చిత్రశాలకు పెద్ద వెలకు అమ్ముడుపోయెను. అది ఇండియాలో నుండగా తీసిన ఛాయాచిత్రము బయటపడుటచే దాని సంగతి తేటపడి, 2016లో ఆ చిత్రశాలవారు దానిని మన దేశమునకు మరల నొప్పగించిరి. పాఠమేమనగా: గొప్ప తాళముకంటె గొప్ప కావలి ఊరి జనుల రాకపోకలు, వస్తువునకు రక్ష దాని పటము, దాని జాబితా. పోయిన వస్తువును మనదని నిరూపింపగలిగినది ఆ కాగితమే.

ఆస్ట్రేలియాలోనే మఱియొక మంచి యాచారము గలదు. అచ్చటి యాదిమజాతులవారు తమ పెద్దల వస్తువులను తామే యుంచుకొని, ఏది పరులకు చూపవచ్చునో, ఏది చూపరాదో తామే నిర్ణయించుకొను నిలయములను ఏర్పఱచుకొనిరి. పట్టణపు మ్యూజియములనుండి తమ వస్తువులను కొన్నిటిని తిరిగి తెచ్చుకొనుచున్నారు. మనకు అరకులోయలో గిరిజన మ్యూజియమున్నది. మన తీరమున యానాదులున్నారు. పీతకన్నమును చూచి పీత యున్నదో లేదో చెప్పుటయు, మడ యడవిలో త్రోవ తప్పకుండుటయు, మూలికల గుణము లెఱుగుటయు వారి విద్యలు. వాని నెవరును బీరువాలో దాచలేరు. వారి బుట్టలను, ఉచ్చులను తెచ్చి వరుసగా పెట్టి పేరు చీటీ లంటించినంతమాత్రమున మనము వారిని గౌరవించినట్లు గాదు. చీటీమీద నేమి వ్రాయవలెనో వారినడిగి వ్రాసినప్పుడే అది గౌరవము.

“ఇట్టి పనులకు ధనమెవరిచ్చెదరు?” అని తలిదండ్రులడుగవచ్చును. ఇందుకు భట్టిప్రోలు మంజూషలే బదులు చెప్పుచున్నవి. వానిమీద కుబీరకుడను రాజు పేరున్నమాట నిజమే. కాని రాజు పేరుకంటె ఎక్కువ చోటు నాక్రమించినవి సామాన్యుల పేళ్లు. కురుడనువాడును, వాని తల్లిదండ్రులును కలిసి మంజూష నిచ్చిరి. ఒక గోష్ఠివారి పేళ్లును, నిగమమువారి పేళ్లును వరుసగా చెక్కబడియున్నవి. అనగా నేటి మాటలలో ఒక సంఘమువారును, ఒక వర్తక సమాజమువారును చేయి చేయి కలిపి యా పని చేసిరన్నమాట. రెండువేల యేండ్లక్రిందటనే మన యూళ్లవారికి చందా వేసికొని యొక ఘనకార్యము చేయుట తెలిసియుండెను.

ఆ విద్య నేటికిని నశింపలేదు. చీరాల చెంతనున్న వేటపాలెమున 1918లో గ్రామస్థుల యుత్సాహముచే సారస్వత నికేతనము వెలసినది. 1929లో గాంధిమహాత్ముడు దాని క్రొత్త భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱ యచ్చట నేటికిని భద్రముగా నున్నది. పాత పత్రికలు చూడగోరు పరిశోధకులు దూరప్రాంతములనుండి ఆ పల్లెకు వత్తురు. రాజమహేంద్రవరమున 1922లో ఆంధ్రేతిహాస పరిశోధకమండలివారు మొదలిడిన సేకరణమే పిమ్మట ప్రభుత్వ మ్యూజియమైనది. రాళ్లబండి సుబ్బారావుగారి పేరు దానికి నిలిచినది. పెద్ద చెట్టునకును విత్తు చిన్నదే.

ఇక మన కర్తవ్యము. మొదట, వస్తువును పాడుచేయకుండుట నేర్వవలెను. మన యుప్పుగాలి యినుమును త్రుప్పు పట్టించును. రాతిలోను ఇటుకలోను ఇంకిన యుప్పు ఆఱునప్పుడు స్ఫటికములై పొరలు పొరలుగా రాల్చును. కావున అట్టివానిని నేలతేమకు దూరముగా, గాలి యాడుచోట, ఎత్తైన బల్లలమీద నుంచవలెను. పాత నాణెమును చింతపండుతోను ఇసుకతోను తోమరాదు. మెఱుపు వచ్చును గాని అక్షరములు పోవును. తాటియాకు గ్రంథములకు నిమ్మగడ్డి నూనె రాచి బట్టలో చుట్టియుంచుట పెద్దలెఱిగిన పద్ధతి. రెండవది, పట్టిక వ్రాయవలెను. ప్రతి వస్తువునకు సంఖ్య, పేరు, కొలతలు, దొఱకిన చోటు, ఇచ్చినవారి పేరు, తేది, ఛాయాచిత్రము ఉండవలెను. దొఱకినచోటు వ్రాయని వస్తువు చిరునామా లేని యుత్తరము. మూడవది, చట్టము నెఱుగవలెను. నేలలో దొఱకిన పది రూప్యములకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము. నూఱేండ్లు దాటిన పురావస్తువులను, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులను సొంతముగా విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము.

నాలుగవది మిక్కిలి సులభము, పోయి చూచుట. చిన్న మ్యూజియమునకు ప్రాణము సందర్శకుల పుస్తకములోని సంతకములే. ఎవరును రాని శాలకు దీపము పెట్టువారుండరు, కావలివాడుండడు, తుదకు తలుపులు మూతపడును. ఏటికొకసారి ప్రతి తరగతియు అమరావతికో, భట్టిప్రోలునకో, మోటుపల్లికో, వేటపాలెమునకో పోయిరావలెను.

1977 నవంబరు 19వ తేదిని దివిసీమను ముంచిన యుప్పెన మన తీరపువారందఱికి జ్ఞాపకమే. పోయిన ప్రాణములకు తూకము లేదు. కాని ఆ నీటిలో ఎన్ని యిండ్ల దస్తావేజులు, ఎన్ని పాత పటములు, ఎన్ని తాతల వ్రాతలు పోయెనో లెక్కించినవారు లేరు. తుపానులు మరల వచ్చును. అందుచేత మా పాఠశాలలో ఒక గట్టి బీరువాను, ఒక పెద్ద పట్టిక పుస్తకమును ఇందులకై ప్రత్యేకింప నిశ్చయించితిమి. వస్తువును ఇయ్యలేనివారు దాని పటమునైన నియ్యవచ్చును. పాత వల యల్లు సూది, కొయ్యపడవ కొలతలు, అవ్వ చెప్పిన ఓడకథ, చిరివేరు మొక్క ఎండు కొమ్మ. ఏదియు చిన్నది గాదు. మొదటి పేజీలో మొదటి సంఖ్య యెదుట, భట్టిప్రోలు దిబ్బమీద మమ్ము ప్రశ్నించిన బాలుడు తన తాతగారి వల సూదిని వ్రాసియున్నాడు. రెండవ సంఖ్య యెదుట చోటు ఖాళీగా నున్నది.