సమస్యతో మొదలయ్యే చదువు

వైద్యవిద్య అంటే మొదట పుస్తకాలు చదవడం, తరవాత రోగిని చూడడం అని చాలాకాలం భావించారు. 1969లో కెనడాలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఈ వరసను మార్చింది. అక్కడ చిన్న జట్టుకు ముందే ఒక రోగి సమస్యను ఇస్తారు. దాన్ని విప్పడానికి ఏమేమి తెలియాలో విద్యార్థులే గుర్తించి, చదివి వచ్చి చర్చించుకుంటారు. అధ్యాపకుడు ఉపన్యాసం ఇవ్వడు. చర్చ దారి తప్పకుండా చూస్తాడు. ఇదే సమస్యాధారిత అభ్యసనం.

ఇందులో ఒక చిక్కు ఉంది. తలా ఒకచోట చదివి తెచ్చిన విషయాలు విడి ముక్కలుగా మిగిలిపోవచ్చు. వాటిని కలపడానికి ఉపయోగపడేది భావనా పటం. 1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ బృందం దీనిని రూపొందించింది. గడుల్లో భావనలు రాసి, వాటిని బాణాలతో కలుపుతారు. ప్రతి బాణంమీద సంబంధాన్ని తెలిపే మాట రాస్తారు.

ఉదాహరణకు, పద్నాలుగేళ్ల బాలుడికి విపరీతమైన దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం, ఇప్పుడు ఆయాసం. ఆయాసం అనగానే ఊపిరితిత్తుల జబ్బు అనిపిస్తుంది. జట్టు పటం గీస్తుంది. ఇన్సులిన్ లోపిస్తే రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. అది నీటిని వెంటబెట్టుకొని మూత్రంలో పోతుంది, అందుకే దాహం. గ్లూకోజు అందని కణాలకోసం కొవ్వు కరుగుతుంది, కీటోనులు పుడతాయి. ‘కీటోనులు’ నుంచి ‘ఆయాసం’కు గీసిన బాణంమీద మాత్రం మాట దొరకదు. ఆ ఖాళీయే మరునాటి పాఠం. వెతికితే జవాబు తెలుస్తుంది: కీటోనులు రక్తంలో ఆమ్లాన్ని పెంచుతాయి, దాన్ని తగ్గించడానికి శరీరం వేగంగా శ్వాసించి కార్బన్ డయాక్సైడును బయటికి పంపుతుంది. ఊపిరితిత్తులకు జబ్బు లేదు, జబ్బు మధుమేహం.

1922 జనవరిలో, హామిల్టన్‌కు సమీపంలోని టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఇలాంటి పిల్లలు బతికి బట్టకట్టడం అరుదు. నేడు మందు ఉంది. కాని ఆయాసానికి కారణం పొరబడితే ఆ మందు అందడం ఆలస్యమవుతుంది. తెలిసినదాన్ని పటం వరసలో పెడుతుంది. తెలియనిదాన్ని ఖాళీ బాణంగా చూపుతుంది. వైద్యుడికి ఈ రెండవది మరీ అవసరం.

అభ్యాసం
1. ఖాళీ బాణం విద్యార్థులకు ఎలా తోడ్పడింది?
2. వాన, చెరువు, బావి, పంట – ఈ మాటలతో భావనా పటం గీయండి. మాట దొరకని బాణం ఉంటే పెద్దలను అడిగి పూరించండి.