విద్యుత్ కారు ప్రయాణము: త్వరగా ఛార్జి యగు స్థలము నెన్నుకొను విధము

విద్యుచ్ఛక్తితో నడచు కార్లు ఇటీవల కృష్ణా డెల్టా గ్రామములలోను కానవచ్చుచున్నవి. గుడివాడకో, విజయవాడకో పోయి వచ్చుటకు రాత్రి యింటివద్ద చేసిన ఛార్జి చాలును. హైదరాబాదు వంటి దూరప్రయాణమునకు మాత్రము త్రోవలో మరల ఛార్జి చేయవలసి వచ్చును. రోగిని ఆసుపత్రికి గొనిపోవువాడు తక్కువ శక్తిగల స్థలమున నిలిచినచో మూడు గంటలు వృథా యగును. కావున సభ్యులు ఈ సంగతులను ముందుగనే తెలిసికొని యుండుట మేలు.

యూనిట్టు, కిలోవాట్టు: చేనికి చేరిన మొత్తము నీటి వంటిది యూనిట్టు, తూములో నీరు పారు వేగము వంటిది కిలోవాట్టు. ఇంటిలోని 16 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 3.3 కిలోవాట్ల శక్తి నిచ్చును. 60 కిలోవాట్ల యంత్రము శక్తి మన 5 గుఱ్ఱపుబలముల మోటార్లు పదునారింటి బలముతో సమానము.

40 యూనిట్ల బ్యాటరీలో అయిదవవంతు మిగిలియుండగా, దానిని అయిదింట నాలుగువంతులు నింపుటకు 24 యూనిట్లు కావలెను. ఇందుకు 3.3 కిలోవాట్లతో 7 గంటలకు పైగా, 7.2తో 3 గంటల 20 నిమిషములు, 30తో 48 నిమిషములు, 60తో 24 నిమిషములు పట్టును. ఇది లెక్క మాత్రమే. ఆచరణలో ఇంతకంటె కొంత యధికమగును.

తూము కొలదియే నీరు: కాలువ నిండుగ పారుచున్నను పొలపు తూము కొలదియే నీరు చేనికి చేరును. అట్లే, 50 కిలోవాట్లు మాత్రమే గ్రహింపగల కారును 120 కిలోవాట్ల యంత్రమునకు తగిలించినను 50కి మించి తీసికొనదు. ఏ.సి. ప్రవాహమును బ్యాటరీకి అనువుగ మార్చు సాధనము కారులోనే యుండును, అది చిన్నది. అందువలన 22 కిలోవాట్ల ఏ.సి. స్తంభమువద్ద సైతము అనేక కార్లు 7 కిలోవాట్ల ప్రాంతముననే ఆగిపోవును. డి.సి. యంత్రము తానే ప్రవాహమును మార్చి నేరుగ బ్యాటరీకి పంపును. దూరప్రయాణమునకు డి.సి. స్థలమునే వెదకవలెను.

బయలుదేరుటకు ముందు చూడవలసినవి:

1. మన కారు డి.సి.లో ఎన్ని కిలోవాట్లు గ్రహించునో కారుతో నిచ్చిన పుస్తకమునందు చూచుకొనవలెను.

2. నేటి కార్లలో పెక్కింటికి సి.సి.ఎస్.-2 అను ప్లగ్గు కావలెను. భారత్ డి.సి.-001 అను పాత 15 కిలోవాట్ల యంత్రములు వానికి పనికిరావు.

3. ఒక యంత్రమునకు రెండు గొట్టములున్నచో, రెండు కార్లు ఒకేసారి నిలిచినప్పుడు శక్తి పంచబడవచ్చును. ఎగువ రైతు తూము తెఱచినప్పుడు దిగువ రైతునకు నీరు తగ్గినట్లే యిదియును.

4. యంత్రము పనిచేయుచున్నదో లేదో ఫోనులోని యాప్ ద్వారా ఆనాడే విచారింపవలెను. కేంద్రమునందలి ఇంధన సామర్థ్య సంస్థవారు 2022 డిసెంబరులో ప్రారంభించిన ఈ.వీ. యాత్ర యాప్ ఇందుకు ఉపకరించును. సొమ్ము చెల్లించు ఏర్పాటును ఇంటివద్దనే చేసికొనవలెను.

5. బ్యాటరీ నూటికి 80 వంతులు నిండిన పిదప ఛార్జి మందగించును. అప్పుడు కారును తీసి, వెనుకవారికి చోటు విడుచుట ఉభయులకును లాభము.

త్రోవ నిర్ణయము: 65వ జాతీయ రహదారిమీద విజయవాడనుండి హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు; సూర్యాపేట ఇంచుమించు నడుమ నున్నది. అచ్చట ఛార్జి చేయదలచినవాడు, ఆ యంత్రము చెడియున్నను నకిరేకల్లు దాటి మఱియొక స్థలమునకు చేరగల శక్తిని మిగుల్చుకొనవలెను. రహదారులకు ఇరుప్రక్కల ప్రతి 20 కిలోమీటర్లకును ఒక స్థలముండవలెనని కేంద్రప్రభుత్వము 2024 సెప్టెంబరులో మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. అయినను, సూత్రము ననుసరించి గాక యంత్రము ననుసరించియే ప్రయాణము నిర్ణయించుకొనుట వివేకము.

ఛార్జింగు స్థలము నడపుటకు విద్యుత్తు విక్రయ లైసెన్సు అక్కఱలేదని కేంద్రప్రభుత్వము 2018లోనే స్పష్టపఱచినది. రహదారి ప్రక్క ఆవరణగల సంఘములు, తమ ట్రాన్స్‌ఫార్మరు ఎంత భారము మోయగలదో విద్యుత్ శాఖవారిని విచారించి, ఈ విషయమును సర్వసభ్య సమావేశమున చర్చింపవచ్చును.